నా పీనుగ ముందు పాటల పోటీ

ఆ రోజుల్లో పాట అంటే చెవులతో వినేదే తప్ప కళ్లతో చూసేది కాదు. ఇప్పుడు సాయంత్రమైతే చాలు, మా మనుమరాలు టీవీ ముందు కాళ్లు ముడుచుకుని కూర్చుంటుంది, పాటల పోటీ మొదలవుతుంది. రంగురంగుల దీపాలు, నేల మీద పొగ (ఆ పొగ ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు, మా కాలంలో అంత పొగ లేస్తే నీళ్ల కడవలు పట్టుకుని ఉరికేవాళ్లం), కుర్చీల్లో ముగ్గురు పెద్దమనుషులు, వాళ్ల ఎదుట గజగజ వణుకుతూ ఒక పిల్లో పిల్లగాడో. మా చాయ్ హోటల్ దగ్గర ఈ పోటీల మీద రోజూ ఒక పంచాయితీ నడుస్తుంది. "అంతా దొంగ ఏడుపు, పొద్దుపోక చూసుడు" అంటాడు ఒకడు. "గరీబోళ్ల పిల్లలకు అదొక దారి గదనే" అంటాడు ఇంకొకడు. పంచాయితీ తెగదు, చాయ్ మాత్రం చల్లారిపోతుంది. నన్నడిగితే నవ్వి ఊరుకుంటాను. ప్రతి మాటకు ఒక ఎదురుమాట పారేసే మనిషిని ఈ ఒక్కదానికి ఎందుకు నోరు మూసుకుంటానో వాళ్లకు అంతుపట్టదు.

మొన్న ఒకరోజు పాట అయిపోయాక కుర్చీలోని ఒక పెద్దాయన ఆ పిల్లను అడిగాడు: "మీ నాన్నగారు పోయారట కదమ్మా, ఆ రోజు ఏం జరిగిందో చెప్తావా?" అని. పిల్ల చెప్పసాగింది. వెనకనుంచి సన్నగా ఫిడేలు వచ్చింది. కెమెరా ఆ పిల్ల కంటి దగ్గరికి పోయి నీటిచుక్క జారేదాకా అక్కడే కాపలా కాసింది. మా మనుమరాలు ముక్కు ఎగబీల్చింది. నేను మంచినీళ్ల వంకతో లేచి వాకిట్లోకి పోయాను. అట్లాంటి ప్రశ్ననే ఒక పోటీలో ఒక పెద్దమనిషి అడగగా విన్నాను నేను. అప్పుడు నేను వేదిక మీదే ఉన్నాను. పాడటానికి కాదు. పీనుగనై పడుకుని ఉన్నాను.

అది ఎట్లా జరిగిందో చెప్పాలంటే మా మేనత్త సంగతి చెప్పాలి. మా బాపుకు చెల్లెలు. మోత్కూరుకు నడిచిపోయేంత దూరంలో ఉన్న మా ఊళ్లో, మగ్గాల చప్పుడు తప్ప వేరే చప్పుడు లేని మా వాడకట్టులో, ఆమెను అందరూ శోకాలత్త అనేవాళ్లు. ఎవరింట్లో మనిషి పోయినా ఆమె పోవాల్సిందే. మిగతా ఆడవాళ్లు కూడా ఏడ్చేవాళ్లు, కాని వాళ్లది ఏడుపు, మా అత్తది శోకం. పోయిన మనిషి తల దగ్గర కూర్చుని, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆ మనిషి పుట్టినప్పటి నుంచి పోయేదాకా ఒక్కొక్క ముచ్చటే రాగం తీసి చెప్పేది. బతికి ఉండగా ఎవరికీ పట్టని మనిషి కూడా మా అత్త శోకం పెట్టగానే అయ్యో ఎంతటివాడు పోయాడురా అనిపించేవాడు. చివర మాత్రం ఎప్పుడూ ఒకటే తీరు: పోయినవాళ్ల చేత, ముందే పోయిన వాళ్లకు కబురు పంపేది. "పోతున్నవు గద పెద్దమ్మా, మా ఆయన కనపడితె చెప్పు, ఆయన చూడకుండ పోయిన దూడ ఇప్పుడు పాలిస్తాందని చెప్పు" అని. ఆ వాడకట్టులో పోయినవాళ్లందరూ మా అత్త కబుర్లు మోసుకుని పోయినవాళ్లే.

ఒక్క మనిషికి మాత్రం ఆమె ఎప్పుడూ కబురు పంపలేదు. అది ఆమె కొడుకు, మా పొడుగు బావ. బావ ఎంత పొడుగంటే, మా గుడిసె ఇండ్ల దర్వాజలన్నీ అతని నొసటికి తగిలినవే. చిన్నప్పటి నుంచి తాకించుకుని తాకించుకుని చివరకు దర్వాజ లేని చోట కూడా తల వంచడం అలవాటైపోయింది. బయట చేన్లో నడుస్తూ కూడా ఉన్నట్టుండి తల వంచేవాడు. "ఏంది బావా, ఆకాశం తాకుతదా?" అని నేను ఎగతాళి చేస్తే, "నీకు తాకదు లేరా పొట్టోడా" అని నవ్వేవాడు. నూలు దొరకక మగ్గాలు ఆగిపోతున్న రోజుల్లో, మర మగ్గాల మీద పని దొరుకుతుందని ఎవరో చెబితే బొంబాయి పక్కన ఉన్న భివండికి పోయాడు. మగ్గం మీద సగం నేసిన చీర అట్లాగే ఉంది. "పండుగకు వచ్చి నేస్త, ఎవలూ ముట్టకుండ్రి" అని చెప్పి, మా అత్త ఇంటి దర్వాజ దాటుతూ తల తాకించుకుని పోయాడు.

పండుగలు వచ్చి పోయాయి. బావ రాలేదు. అక్కడ కూలివాళ్లు ఉండే గదుల్లో వాంతులు, బేదుల రోగం వచ్చిందనీ, మన దిక్కు మనిషి ఒకడు దవాఖానాకు పోకముందే పోయాడనీ ఒక వార్త వచ్చింది. ఆ మనిషి పొడుగ్గా ఉండేవాడట. చెప్పినవాడు కూడా చూసినవాడు కాదు. కులపెద్దలు వచ్చి, "బిడ్డా, ఎన్నొద్దులు ఎదురుచూస్తవు? జరగవలసింది జరిపిద్దాం" అన్నారు. మా అత్త చీపురు తీసింది. కులపెద్దలు తొవ్వ చూసుకున్నారు (వాళ్లలో ఒకాయన చెప్పు ఒకటి మా అత్త వాకిట్లోనే ఉండిపోయింది, అడగడానికి చాలా రోజులు ధైర్యం చేయలేదు). ఆ తరువాత ఆ మాట ఎవరూ ఎత్తలేదు. అత్త రోజూ పొద్దున బావ మగ్గం మీద దుమ్ము దులిపేది. సగం నేసిన చీరను కోయనిచ్చేది కాదు.

నా సంగతి కూడా కొంచెం చెప్పుకోవాలి. బడికీ నాకూ పడలేదు. సారు ఒకటి అడిగితే నేను ఒకటి చెప్పి క్లాసంతా నవ్వించేవాణ్ని, సారు నన్నొక్కణ్నే ఏడిపించేవాడు. లెక్క సరిగ్గా లేదని అర్థమై బడి మానేశాను. బాపు నన్ను మగ్గం గుంటలో కూర్చోబెట్టాడు. అక్కడా అంతే. కాళ్లు తొక్కేవి, చెయ్యి నాడె విసిరేది, నోరు మాత్రం దాని పని అది చేసుకుపోయేది. మీసాలు వచ్చే నాటికి ఊరంతా నన్ను తమాషా అని పిలిచేది. అసలు పేరు మా అమ్మకు కూడా కోపమొచ్చినప్పుడే గుర్తుకొచ్చేది.

అట్లాంటి రోజుల్లో మోత్కూరు అంగడిలో టముకు వేయించారు. పాటల పోటీ అట. సర్కారు తరఫున ఆఫీసరు ఒకాయన వస్తాడట. ఎవరైనా పాడొచ్చు, ఏదైనా పాడొచ్చు, గెలిచినవాళ్లను పట్నం తీసుకుపోయి రేడియోలో పాడిస్తారట. నేను ఈ వార్త తెచ్చి ఇంట్లో చెప్తుంటే అత్త పక్కన కూర్చుని కండెలు చుడుతోంది. రాట్నం ఆగింది.

"అల్లుడా, రేడియోల పాడితె యాడిదాంక వినొస్తదిర?"

"యాడిదాంకనన్న వినొస్తది అత్తా. పట్నం, బొంబాయి, అన్ని దిక్కుల."

"భివండిల?"

నేను తమాషాకు నోరు తెరిచాను, ఆమె మొఖం చూసి మూసుకున్నాను. "అక్కడ చాయ్ హోటళ్లల్ల రేడియోలు ఉంటయంట అత్తా" అన్నాను.

"అయితె పాడుత" అంది అత్త. "నా గొంతు వినంగనె గుర్తువడుతడు. ఇంటికాడ అమ్మ ఉన్నదని యాదికొస్తది."

ఇప్పుడు వచ్చింది చిక్కు. మా అత్తకు శోకం తప్ప వేరే పాట రాదు. ఒక్క భజన కీర్తన కూడా రాదు. ప్రయత్నించింది పాపం, దేవుని పాట ఎత్తుకుని రెండో పాదానికి వచ్చేసరికి ఆ దేవుడు కూడా పోయినట్టే అనిపించింది. మా బాపు దండం పెట్టి ఆపించాడు. సరే, ఏది వస్తే అదే పాడమన్నాను. అత్త నన్ను కొట్టినంత పని చేసింది. "పాడు నోరు నీది! ముంగట పీనుగ లేకుండ శోకం పెడితె ఇల్లు ఆగమైపోతది. ఉత్తగ శోకం పెడుతరార ఎవలన్న?"

పీనుగే కదా కావాల్సింది! "నేనుంట తీ" అన్నాను.

మా అమ్మ వంటింట్లోంచి గంటె పట్టుకుని వచ్చింది. "ఓ వదినే, ఒక్కగానొక్క కొడుకు. మీ పాటల కోసం వాణ్ని పీనుగను చేస్తవా?"

"పొల్లు సావు, ఉత్తుత్త సావు, వినవడితె ఆయుష్షు పెరుగుతది వదినే" అంది అత్త. "నీ కొడుకు నూరేండ్లు బతుకుతడు, ఫికర్ జేయకు."

"నూరేండ్లు వీని నోటిని ఎవలు భరిస్తరు?" అన్నాడు బాపు మగ్గం గుంటలోంచి. అట్లా నా చావు ఖాయమైంది.

పోటీ రోజు మోత్కూరు అంగడి నడుమ బల్లలు కలిపి వేదిక కట్టారు. మైకు పెట్టారు. కుర్చీలో ఆఫీసరు, ఆయన పక్కన బడి పెద్దసారు. ఆఫీసరు ఆంధ్ర దిక్కు మనిషి, తెల్ల చొక్కా, మెత్తటి మాట. మొదట సారు బిడ్డ హార్మోనియం పెట్టుకుని పాడింది, పద్ధతిగా, మంచిగా పాడింది. ఆ తరువాత మేము రికార్డు అని పిలిచే మా ఊరి పిల్లగాడు లేచాడు. వాడు పక్కూరి దొర ఇంట్లో గ్రామఫోను విని సినిమా పాటలు నేర్చుకున్నవాడు. దొర ఇంట్లో ప్లేటు గీతలు పడ్డది కావడంతో, ఎక్కడైతే ముల్లు ఇరుక్కునేదో వాడు కూడా అక్కడ ఇరుక్కుని ఆ ముక్కనే పదేపదే పాడేవాడు, మేము వీపు మీద ఒకటి చరిస్తే ముందుకు పోయేవాడు. ఆ రోజు వేదిక మీద చరిచేవాళ్లు లేరు. వాడు ఇరుక్కుపోయాడు. చివరకు పెద్దసారే లేచి వీపు మీద ఒక్కటి చరిచాడు, పాట పూర్తయింది, జనం ఈలలు వేశారు.

తరువాత మా వంతు. నేను వేదిక ఎక్కి, తువ్వాల పరుచుకుని, వెల్లకిలా పడుకుని కళ్లు మూశాను. జనంలో గుసగుసలు. "ఏందిర, తమాషాగాడు పండుకున్నడు?" "కల్లు ఎక్కువైందేమొ." అత్త వచ్చి నా తల దగ్గర కూర్చుంది. మైకును నా ఛాతీ మీద పెట్టారు (బరువుగా ఉంది, కాని పీనుగ ఫిర్యాదు చేయకూడదు). అత్త చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఎత్తుకుంది:

"ఓ అల్లుడా... నా బంగారు అల్లుడా... బడికి పొమ్మంటె బడి గోడ దుంకితివి కొడుకా... మగ్గం మీద కూసోమంటె మాటలు నేస్తివి కొడుకా... నీ నోటికి తాళమేసెటోడు పుట్టలేదనుకుంటి, ఇయ్యాల యముడే ఏసిండా అల్లుడా... పిల్లనిస్తమని వచ్చినోళ్లు నీ మాటలకు నవ్వి నవ్వి, పిల్ల సంగతి మరిచి పోయిరి గద అల్లుడా..."

జనం విరగబడి నవ్వారు. నాకూ పొట్టలోంచి నవ్వు తన్నుకొచ్చింది. ముక్కు మీద ఒక ఈగ వాలింది. పెదవి కదలబోయిందో లేదో, అత్త రాగం ఆపకుండానే నా తొడ మీద గిచ్చి, "పీనుగ నవ్వుతదార ఓ అల్లుడా..." అని దాన్ని కూడా శోకంలో కలిపేసింది. అంగడంతా గొల్లుమంది.

అప్పుడు, ఎక్కడ మలుపు తిరిగిందో తెలియదు, ఆమె గొంతు కిందికి దిగింది. "ఇగ మా వాడకట్టుల నవ్వు ఎవలు పుట్టిస్తరు కొడుకా... మీ అమ్మ బువ్వ పెట్టి ఎవల కోసం దర్వాజల నిలవడుతది కొడుకా... నీ కంచం బోర్లిచ్చి పెట్టెటందుకు ఆ తల్లికి చెయ్యెట్ల వస్తది కొడుకా..." నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. అంగట్లో బేరాలు ఆగిపోయాయి. కళ్లు మూసుకుని ఉన్న నాకు నిజంగానే పోయానేమో అనిపించింది. నా మీద నాకే జాలి పుట్టి మూసిన కంటి కొసనుంచి నీళ్లు చెవిలోకి కారాయి. ఆ తరువాత అలవాటు ప్రకారం కబుర్లు వచ్చాయి. మా తాతకు, పొగాకు సంచి ఇంకా కొయ్యకే ఉందని చెప్పమంది. అత్త పెనిమిటి మా మామకు, దూడ సంగతి మళ్లీ చెప్పమంది. పోయిన చుట్టాలందరి పేర్లూ వచ్చాయి. శోకం ఆగింది. చప్పట్లు లేవు. ముక్కులు చీదుకునే చప్పుడు మాత్రం వినిపించింది.

ఆఫీసరు కళ్లజోడు తీసి తుడుచుకోవడం నేను ఒక కన్ను తెరిచి చూశాను. ఆయన పక్కకు వంగి పెద్దసారు చెవిలో ఏదో అడిగాడు. పెద్దసారు ఏదో చెప్పాడు. ఆఫీసరు లేచి వేదిక దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, నా జన్మలో ఇలాంటి పాట వినలేదు. అందరికీ కబురు పంపావు. నీ కొడుకు పోయాడట కదా, వాడికి పంపలేదేం? ఆ ఒక్కటీ కూడా పాడమ్మా. నీ సొంత దుఃఖం పాడితే ఇంక వేరే పోటీ ఏముంది? రేడియోకి నిన్నే పంపుతాను."

ఆయన చెడ్డవాడు కాదు. ఆ మాట ఇప్పటికీ అంటాను. గొంతులో దయ ఉంది. అందరికోసం ఏడ్చిన ఈ తల్లి తన కోసం కూడా ఒకసారి ఏడిస్తే బరువు దిగుతుందనే అనుకుని ఉంటాడు. కాని నా తల అత్త మోకాలికి ఆనుకుని ఉంది. ఆ మోకాలు రాయిలాగా బిగుసుకుపోవడం నాకు తెలిసింది.

"సారూ" అంది అత్త. మైకు ఇంకా నా ఛాతీ మీదే ఉంది, ఆమె మాట అంగడి అంతటా వినిపించింది. "రేడియోల గూడ గదే పాడాల్నా?"

"అదే పాడాలమ్మా. దేశం మొత్తం వింటుంది."

"మావోడు గూడ వింటడు గద సారూ. అక్కడ చాయ్ తాక్కుంట వింటడు. వాని అమ్మ వాడు సచ్చిండని ఏడుస్తాంటె వాడు ఏమనుకుంటడు? ఇంటోళ్ల లెక్కల నేను సచ్చినట్టె అనుకోని ఇగ ఇంటికి రాడు గద?"

ఆఫీసరు పెద్దసారు వైపు చూశాడు. పెద్దసారు నేల చూశాడు.

"మావోడు బతికున్నడు సారూ" అని అత్త లేచి నిలబడింది. చెంగు దులుపుకుంది. కాలితో నన్ను తట్టి, "లే అల్లుడా, సావు అయిపోయింది, ఇంటికి పోదాం" అంది.

జనం పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు. తువ్వాల మడుచుకుంటూ నేను ఆమె వెనక నడిచాను. ఊరి దారంతా అత్త ఒక్క మాట మాట్లాడలేదు. రేడియో పోయింది. ఆమె కొడుకును పిలిచే దారి ఒక్కటే ఉండె, అది పోయింది. కొడుకును బతికించుకోవడానికే ఆమె దాన్ని వదులుకుంది, ఆ సంగతి నడుస్తూ నడుస్తూ కొంచెం కొంచెంగా నా బుర్రకు ఎక్కింది.

మా వాడకట్టు మొదట్లోకి రాగానే ఏడుపులు వినిపించాయి. చూస్తే మా ఇంటి ముందు ఎడ్లబండి, జనం. ఎవరు పోయారో అని ఉరికాను. గుంపు వెనక చెంగు ముఖానికి పెట్టుకుని ఏడుస్తున్న పక్కింటి పెద్దమ్మ భుజం తట్టి, "ఎవలు పోయిండ్రు పెద్దమ్మా?" అని అడిగాను.

"ఇంకెవలు బిడ్డా, మన తమాషాగాడే" అని ఏడుస్తూ తిరిగి నన్ను చూసింది. ఆ తరువాత ఆమె వేసిన కేకకు బండి ఎడ్లు బెదిరి కాడి దులుపుకున్నాయి.

జరిగింది ఏమంటే, మా మేనమామది పక్క ఊరే, ఆ ఊరి మనిషి ఒకడు ఉప్పుకోసం అంగడికి వచ్చాడు. వేదిక మీద నేను వెల్లకిలా, నా తల దగ్గర శోకాలత్త! ఉప్పు మాట మరిచి సైకిలెక్కి పోయి మా మేనమామకు చెప్పాడు. మేనమామ ఇంటిల్లిపాదినీ బండికెక్కించుకుని ఏడుస్తూ వచ్చాడు. మా అమ్మ కూడా వాళ్లలో కూర్చుని ఏడుస్తోంది!

"నీకు తెలుసు గద అమ్మా, గది ఆట అని!" అన్నాను.

"తెలుసురా" అంది అమ్మ, నన్ను పట్టుకుని తడుముతూ. "ఇంతమంది వచ్చి ఏడుస్తాంటె నాకు గూడ అనుమానమొచ్చె!"

మా మేనమామకు బతికున్న నన్ను చూసి సంతోషం కంటే కోపం ఎక్కువ వచ్చింది. "ఎడ్లను ఉరికిచ్చుకోని వస్తిమి గదరా!" అని తన్నబోయాడు. అప్పుడు వినిపించింది నవ్వు. దారి పొడుగునా మాట్లాడని మా అత్త, మా ఇంటి అరుగు మీద కూలబడి, కడుపు పట్టుకుని నవ్వుతోంది. నవ్వీ నవ్వీ కళ్ల నీళ్లు తుడుచుకుని అంది:

"చూసినవా వదినే? సచ్చిండని వార్త వస్తె మనిషి సచ్చినట్టా? కండ్ల ముంగట బతికున్నోనికే ఇంతమంది ఏడ్సిరి! భివండి నుంచి వచ్చిన వార్త గూడ గిట్లనే ఎవడో ఉప్పుకు పోయినోడు తెచ్చిందే అయి ఉంటది. వీడు లేసి వచ్చినట్టె మావోడు గూడ లేసి వస్తడు."

మా మేనమామ ఎత్తిన కాలు దించాడు. ఆ రోజు అత్త మా ఇంట్లో కడుపు నిండా బువ్వ తిన్నది. అంత కుదురుగా ఆమె తినగా నేను చాలా కాలంగా చూడలేదు.

రేడియోకు సారు బిడ్డ పోయింది. పోయే ముందు అత్త ఆ పిల్ల ఇంటికి పోయి, "బిడ్డా, నీ పాట అయినంక, అమ్మ ఇంటికాడనె ఉన్నదని ఒక్క మాట చెప్తవా?" అని అడిగింది. పిల్ల తల ఊపింది. పంచాయతీ రేడియో ముందు కూర్చుని ఊరంతా విన్నాం. పాట అయిపోగానే వేరే ఎవరిదో గొంతు వచ్చింది. అత్త కాసేపు చూసి, "మంచిగ పాడింది పిల్ల" అని లేచింది.

బావ రాలేదు. నాకు పెళ్లయింది (పిల్ల సంగతి మరిచిపోని ఒక మామ దొరికాడు). పిల్లలు పుట్టారు. అత్త ఎన్నో ఇళ్లల్లో శోకాలు పెట్టింది, ఎందరెందరికో కబుర్లు పంపింది, బావ పేరు మాత్రం ఏ పీనుగకూ చెప్పలేదు. మంచం పట్టినప్పుడు నన్ను దగ్గరికి పిలిచింది. "నీ సావుకు నేనుండ గద అల్లుడా, అందుకే ముందుగాలనే ఏడ్సి పెట్టిన. నా సావుకు నువ్వు ఏడువాలె. నవ్విస్తవేమొ, జర జాగ్రత్త."

పోయింది. ఆడవాళ్లందరూ ఏడ్చారు, శోకం పెట్టేవాళ్లు మాత్రం లేరు. పెట్టగలిగినామె కింద పడుకుని ఉంది. మగవాళ్లు శోకం పెట్టరు మా దిక్కు. నేను ఆమె తల దగ్గర కూర్చుని, తువ్వాల నోటికి అడ్డం పెట్టుకుని ఎత్తుకున్నాను. నా గొంతు మీకు తెలియదు గనుక అదృష్టవంతులు. "ఓ అత్తా... కులపెద్ద చెప్పు దాసిన అత్తా..." అనగానే వెనక ఎవరో కిసుక్కుమన్నారు. మా ఇంటామె ముఖం తిప్పుకుంది. ఆమె చెప్పినట్టే నవ్వించాను. కాని ఆపలేదు. అప్పటికే పోయిన మా బాపుకు కబురు చెప్పాను, తాతకు చెప్పాను, దూడ సంగతి మామకు ఇక ఆమే ఎదురుగా చెప్పుకోవచ్చన్నాను. అక్కడికి వచ్చేసరికి ఆడవాళ్ల ఏడుపు ఆగిపోయింది. అందరూ నా నోటివైపే చూస్తున్నారు. బావకు ఏ కబురు పంపుతానో అని.

"అత్తా" అన్నాను. రాగం రాలేదు, ఉత్త మాటే వచ్చింది. "బావ వస్తె నేను చెప్త తీ. నువ్వు పో."

అత్త ఇల్లు కూలిపోయాక బావ మగ్గం మీది సగం చీరను పోగులు దూర్చిన అచ్చుతో సహా చుట్టి తెచ్చి మా అటక మీద పెట్టాను. మా ఇంటామె దులిపినప్పుడల్లా సణుగుతుంది, పారేయదు. పొల్లు సావు ఆయుష్షు పెంచుతుందన్న మాట నిజమే అయి ఉంటుంది. నాతో తిరిగినవాళ్లందరూ పోయారు, రికార్డు కూడా పోయాడు (ఎక్కడో ఇరుక్కుని ఉంటాడు, వీపు చరిచేవాళ్లు దొరికితే బాగుండు). నేను మాత్రం అత్త ఏడ్చిన ఏడుపు మీద బతుకుతున్నాను. ఇంత ఆయుష్షు నాకెందుకు పెట్టి పోయిందో నాకు తెలుసు. బావ బతికే ఉన్నాడని అనేవాడు ఒక్కడన్నా ఉండాలి కదా.

మంచినీళ్ల వంకతో లేచిపోయినా, పోటీ అయిపోయేలోపల మళ్లీ వచ్చి కూర్చుంటాను. పాట మీద ధ్యాస ఉండదు. ఎవరు గెలిచారో మా మనుమరాలు చెబితేనే తెలుస్తుంది. కెమెరా ఎప్పుడన్నా పాడేవాళ్లను వదిలి జనం మీదికి తిరుగుతుంది చూడండి, అప్పుడు ముందుకు వంగుతాను. ఆ రేడియో ఇక్కడి గొంతును అక్కడికి మోయలేదు, ఈ డబ్బా అయినా అక్కడి మొఖాన్ని ఇక్కడికి తెస్తుందేమో అని. హోటల్ దగ్గర ఈ పోటీల మీద నేను తీర్పు చెప్పకపోవడానికి కారణం ఇదే. మొన్న మా మనుమరాలు పట్టేసింది.

"రోజు ఎవల్ని దేవులాడుతవు తాతా, ఆ జనంల?"

"ఒక పొడుగాయన, బిడ్డా. దర్వాజ లేని కాడ గూడ తల వంచుతడు."

"ఎట్లుంటడు?"

"నల్ల జుట్టు, సన్నగ, భుజం మీద తువ్వాల..." అని చెప్తూ చెప్తూ ఆగిపోయాను. బావ నాకంటే పెద్ద. ఉంటే తల ముగ్గుబుట్టై, నడుము వంగి, నా అంత పొట్టివాడై ఉంటాడు. ఇన్నేళ్లుగా నేను వెతుకుతున్నది, మా అత్త దర్వాజ దాటి పోయిన ఆ కుర్రవాణ్ని. నాకే నవ్వొచ్చింది. మా మనుమరాలు కూడా ఎందుకో తెలియకుండానే నవ్వింది. కెమెరా మళ్లీ జనం మీదికి తిరిగింది. నవ్వుతూనే, ఇద్దరం ముందుకు వంగాం.